పదకొండుకు పదకొండు

2022వ సంవత్సరం, వానాకాలం. అప్పటికి నేను ఆ కళాశాలలో గుమాస్తాగా చేరి పద్నాలుగేళ్ళయింది. తెలంగాణ సరిహద్దుకు అవతల, సుక్మా జిల్లాలో చిన్న ప్రభుత్వ డిగ్రీ కళాశాల అది. ఏ ఊళ్ళోదో చెప్పను. ఇందులో తప్పు నాది, ఊరి పేరును లాగడం దేనికి? మాది కుంటలో కిరాణా కొట్టు నడుపుకునే తెలుగు కుటుంబం. అన్నలిద్దరూ కొట్టు చూసుకుంటే నాకు సర్కారు ఉద్యోగం దొరికింది. ప్రిన్సిపాల్‌గారితో హిందీ, అటెండరుతో హల్బీ, లోపలి ఊళ్ళ నుంచి వచ్చే దోర్ల గిరిజన పిల్లలతో మా సరిహద్దు తెలుగు. ఆఫీసు కిటికీ దగ్గర కూర్చుంటే పూటకు మూడు భాషలు నోట్లో తిరిగేవి.

బయటివాళ్ళకు తెలియని పని ఒకటి ఆ కిటికీ వెనక జరుగుతుంది. దేశంలో ఎంతమంది కాలేజీల్లో చదువుతున్నారు, వాళ్ళలో ఆడపిల్లలెందరు, గిరిజనులెందరు అని పేపర్లో వార్త వస్తుంది చూడండి, ఆ అంకె ఢిల్లీలో పుట్టదు. మాలాంటి గుమాస్తాల బల్ల మీద పుడుతుంది. ప్రతి కళాశాలా ఏటా ఒక ఫారం నింపాలి. దాని పూర్తి పేరు డేటా క్యాప్చర్ ఫార్మాట్. మేం డీసీఎఫ్ అంటాం. కోర్సు వారీగా, సంవత్సరం వారీగా జనరల్, ఎస్సీ, ఎస్టీ, ఓబీసీ అని గళ్ళుంటాయి. ప్రతి వర్గానికీ రెండు అంకెలు వెయ్యాలి. మొత్తం ఎందరు, అందులో స్త్రీలెందరు. ఆ గళ్ళలో పేర్లు ఉండవు.

హాజరు పట్టీలు, దాఖల్ ఖారిజ్ రిజిస్టరు ముందేసుకుని నేను లెక్క కడతాను. దాఖల్ ఖారిజ్ అంటే చేరినవాళ్ళను, పేరు కొట్టేసినవాళ్ళను రాసే పుస్తకం. ఆ లెక్క మీద నోడల్ ఆఫీసర్, అంటే ఈ పనికి బాధ్యుడిగా పేరున్న అధ్యాపకుడు, సంతకం చేస్తాడు. మా నోడల్ ఆఫీసర్ చరిత్ర చెప్పే మాస్టారు. మంచివాడే గానీ అంకెలంటే ఆమడ దూరం. కాబట్టి సంతకం ఆయనది, చాకిరీ నాది. అక్కణ్ణుంచి ఫారం యూనివర్సిటీకి, అక్కడ సరిచూశాక రాష్ట్రానికి, ఆ పైన ఢిల్లీకి పోతుంది.

పిల్లలు వస్తుంటారు, పోతుంటారు. మరి ఎవరిని లెక్కపెట్టాలి? దానికొక రెఫరెన్స్ డేట్ పెడతారు. ఆ రోజున పుస్తకంలో పేరున్నవాళ్ళు ఉన్నట్టు, లేనివాళ్ళు లేనట్టు. బడిలో పంతులు హాజరు పిలిచినట్టే అనుకోండి, కాకపోతే దేశం మొత్తానికి ఒకే రోజు.

నాకు చక్కదనం పిచ్చి. పుస్తకంలో ఉండి క్లాసులో కనబడని పేర్లంటే ఒళ్ళు మంట. అంతకు కొన్నేళ్ళ క్రితం యూనివర్సిటీ నుంచి ఫోన్ వచ్చింది. మీ ఫారంలో ఉన్నంతమంది పరీక్షకు కూర్చోలేదేమిటి, ఉత్తుత్తి పేర్లు రాస్తున్నారా అని అడిగారు. ప్రిన్సిపాల్‌గారు అందరి ముందూ నన్ను కడిగేశారు. ఆ మంట మనసులో ఉండిపోయింది. అప్పటినుంచీ ఏటా రెఫరెన్స్ డేట్‌కు ముందు హాజరు పట్టీలు తిరగేసి, రానివాళ్ళ జాబితా రాసి, వరండాలో నోటీసు బోర్డుకు అంటించేదాన్ని. పదిహేను రోజుల్లో వచ్చి కనబడాలి, లేకపోతే పేరు కొట్టేస్తాం అని. పదహారో రోజు పొద్దున్నే ఎర్ర సిరా పెన్ను తీసేదాన్ని. జిల్లాలో ఎవరి లెక్క ఎలా ఉన్నా మా కాలేజీ లెక్క మాత్రం కడిగిన ముత్యమని నాకు గర్వం.

సోయం నాగమణి ఆ ఏడు జులైలో చేరింది. గొల్లపల్లి దాటి, రెండు వాగుల అవతల గూడెం. బీఎస్సీ బయాలజీ మొదటి సంవత్సరం. వెంట వాళ్ళమ్మ వచ్చింది. ఆమె కిటికీకి కొంచెం పక్కగా, సంచీ పట్టుకుని నిలబడింది. నాగమణి ఐడీ కార్డు కోసం ఇచ్చిన ఫోటో చూసి నాకు చిరాకెత్తింది. ఫోటోలో పిల్ల భుజం మీద ఎవరిదో చెయ్యి. నాలుగు వేళ్ళు, మణికట్టు దగ్గర గాజులు.

"ఏంది పిల్లా ఇది? ఎవరిదే ఈ చెయ్యి?"

"మా అమ్మది మేడం. స్టూడియోల ఒక్కదాన్నే కూసోనంటే పక్కన నిలబడ్డది. ఫోటో అన్న అమ్మను కోసేసిండు గానీ చెయ్యి ఉండిపోయింది."

"ఐడీ కార్డుల ఒక్కరే ఉండాలె. ఇంకోటి దిగి రాపో."

"మల్ల దిగాలంటే మల్ల ఇంత దూరం రావాలె మేడం. అమ్మకు నాట్లున్నయి."

సణుక్కుంటూనే అదే ఫోటో కార్డు కింది మూల అంటించి ముద్ర కొట్టాను. పక్కన నిలబడ్డ తల్లికి విషయం అర్థమైంది. ఏదో తప్పు చేసినట్టు ఆ చేతిని కొంగు కింద పెట్టుకుంది. అది చూసి కూడా నేను ఒక మంచి మాట అనలేదు.

బీఎస్సీ ఎందుకు, అందరిలా బీఏ చేరొచ్చు కదా అని అడిగాను. వాళ్ళ గూడెంలో జ్వరాలొస్తే మితానిన్, అంటే ఊళ్ళో ఆరోగ్యం చూసే కార్యకర్త, వేలు పొడిచి గాజుపలక మీద రక్తం తీసుకుని పంపిస్తుందట. అది ఎక్కడికి పోతుందో, దాన్ని ఎవరు చూస్తారో, దాంట్లో ఏం కనబడుతుందో తెలుసుకోవాలని ఆ పిల్లకు చిన్నప్పటినుంచీ ఆశ. "నేను మైక్రోస్కోప్ చూసేదాన్ని అయిత మేడం," అంది. నాగమణితో కలిపి ఆ క్లాసులో ఎస్టీ ఆడపిల్లలు పదకొండుమంది.

ఆగస్టులో ఒక శనివారం ఇంటికని పోయిన నాగమణి తిరిగి రాలేదు. వానలు దంచి కొట్టాయి. ఒక వారం, రెండు వారాలు, నెల. నేను నోటీసు రాసి అంటించిన రోజున హాస్టల్లో ఆమె పక్క మంచం పిల్ల లచ్చిమి కిటికీ దగ్గరికి పరుగెత్తుకొచ్చింది.

"మేడం, నాగమణి పేరు రాసిన్రేంది? వాగు నిండింది. దిగంగనే వస్తది."

"వాగు నిండితే హాజరు పడదే. పదిహేను రోజులుంది, రమ్మని చెప్పు."

"ఎట్ల చెప్పాలె? ఆడ సిగ్నలు లేదు మేడం."

"నన్నడిగితే? సిగ్నలు నేనిస్తనా?" అన్నాను. నా వెటకారానికి పక్క బల్ల దగ్గరున్న చరిత్ర మాస్టారు నవ్వాడు. నాకు అప్పుడు బాగానే ఉంది.

ఇంకో పక్క వెయిటింగ్ లిస్టులో మొదట ఉన్న పిల్ల తండ్రి రోజూ వచ్చి వరండాలో కూర్చునేవాడు. వాళ్ళదీ గిరిజన కుటుంబమే, రోడ్డు పక్క ఊరు. ఖాళీ సీట్లు నింపుకోవడానికి గడువు దగ్గరపడుతోంది. ఆయన దణ్ణం పెట్టినప్పుడల్లా నాకు హాజరు పట్టీలో నాగమణి పేరు పక్కన గీతలే కనబడేవి. పదహారో రోజు ఆ పేరు మీద ఎర్రగీత గీశాను. సీటూ, హాస్టల్ మంచమూ వెయిటింగ్ లిస్టులోని పిల్లకు వెళ్ళాయి. ఆమె బాగా చదివే పిల్ల, ఆమె తప్పేమీ లేదు. రెఫరెన్స్ డేట్ వచ్చింది. బీఎస్సీ బయాలజీ మొదటి సంవత్సరం, ఎస్టీ, స్త్రీలు: పదకొండు. కాగితం మీద రాసి, మాస్టారి సంతకం, ప్రిన్సిపాల్‌గారి సంతకం తీసుకుని పంపించేశాను.

దసరా సెలవులయ్యాక ఒక మధ్యాహ్నం కిటికీ ముందు నాగమణి నిలబడింది. సగానికి సగం చిక్కిపోయింది. మెడలో కార్డు మాత్రం అలాగే ఉంది.

"మేడం, హాజరు పిలిస్తే నా పేరు రాలే. ఏడ పోయింది?"

"ముందు నువ్వు ఏడ పోయినవో చెప్పు."

"అమ్మకు జరమొచ్చి తగ్గలే. మంచం మీద పండబెట్టి వాగు దాటిచ్చి చర్ల దాక మోసిన్రు. ఆడనుంచి భద్రాచలం ఆస్పత్రి. నెల దాటింది, ఆడనే ఉన్న." మెడలో కార్డు పట్టుకుని చూపించింది. "ఇది చూసి సిస్టరమ్మలు నాతోని మంచిగ మాట్లాడిన్రు మేడం. చదువుకునే పిల్ల అని ఏ మందు ఎప్పుడెయ్యాలో నాకే చెప్పిన్రు. మా నాయనకు చెప్పలే, నాకే చెప్పిన్రు."

"ఇప్పుడెట్లుంది మీ అమ్మకు?"

"పోయింది మేడం. దినాలైనంక బయలెల్లిన."

రిజిస్టరు తెరిచి చూసే పని లేదు, ఆ ఎర్రగీత నాకు కళ్ళ ముందే ఉంది. అయినా తెరిచాను, చేతులకు ఏదో పని కావాలి కదా.

"నాగమణీ, నీ పేరు కొట్టేసిన."

"ఎందుకు? నేను ఉన్న గద."

"రాలేదు గదమ్మా. నోటీసు పెట్టిన, పదిహేను రోజులు చూసిన."

"ఏడ పెట్టిన్రు?"

"అగో, ఆ బోర్డు మీద."

ఆ పిల్ల వెనక్కి తిరిగి బోర్డును చూసింది. కాసేపు చూసి మళ్ళీ నా వైపు తిరిగింది. కోపంగా అడగలేదు. క్లాసులో అర్థంకాని పాఠం అడిగినట్టు అడిగింది.

"రానోళ్ళకు పెట్టే నోటీసు ఈడ పెడితే, వాళ్ళెట్ల చూస్తరు మేడం?"

ఇన్నేళ్ళలో ఆ ప్రశ్న నన్నెవరూ అడగలేదు. అడగాల్సినవాళ్ళెవరూ మళ్ళీ ఆ కిటికీ దాకా రాలేదు మరి. రెండు వాగుల అవతల ఉన్న పిల్ల కోసం నేను వరండా గోడకు కాగితం అంటించి, చెప్పాననుకున్నాను. నా మీద నాకే అసహ్యం వేసింది.

ఆమెను అక్కడే ఉండమని ప్రిన్సిపాల్‌గారి గదిలోకి వెళ్ళాను. జరిగింది చెప్పాను. ఆయన చెడ్డవాడు కాదు, ఎప్పుడు ఎక్కడికి బదిలీ చేస్తారోనని బిక్కుబిక్కుమంటూ ఉండే మనిషి. "సీట్లు నిండిపోయాయి. పన్నెండో పిల్లను చేర్చుకోవాలంటే పైకి రాయాలి. లెక్క పదకొండని పంపించి, రేపు పరీక్ష ఫారాలు పన్నెండు పంపితే ఎందుకని అడుగుతారు. లెక్క సరిగ్గా ఉండాలనేది మీరే కదా మేడం?" అన్నారు హిందీలో.

అక్కడ నేను ఇంకోమాట అనాల్సింది. పైకి నేను రాస్తాను, మీరు సంతకం పెట్టండి చాలు అనాల్సింది. ఆ ఉత్తరం రాస్తే పని అయ్యేదో లేదో ఈ రోజుకీ నాకు తెలియదు. రాస్తే మాత్రం, పిల్ల ఉండగానే పేరు కొట్టేశానని నా చేత్తో నేనే రాసుకోవాలి. పద్నాలుగేళ్ళ నా ముత్యం మీద మచ్చ. దానికి భయపడ్డాను. రెండోసారి అడగకుండా బయటికొచ్చేశాను.

నాగమణికి ప్రైవేటు బీఏ ఫారం ఇచ్చాను. ప్రైవేటు అంటే ఇంట్లో చదువుకుని పరీక్షకు మాత్రం రావడం. ప్రాక్టికల్స్ ఉంటాయి కాబట్టి సైన్సులో ఆ వీలు లేదు. ఆమె ఫారం అటూ ఇటూ తిప్పింది.

"దీంట్ల మైక్రోస్కోప్ ఉండదు గద మేడం?"

"ఉండదమ్మా."

మడిచి సంచీలో పెట్టుకుంది. ఇంక వెళ్ళబోతుంటే నేనే ఆపాను. పేరు పోయినవాళ్ళ ఐడీ కార్డు వెనక్కి తీసుకోవాలి, మళ్ళీ వాడకుండా ఫోటో ఉన్న మూల కొంచెం కత్తిరించి ఫైల్లో పెట్టాలి. అది మా రూలు. కార్డు ఇమ్మన్నాను. ఆమె దాన్ని గుప్పిట్లో పట్టుకుంది.

"ఇది ఉండనియ్యరాదా మేడం?"

"రూలమ్మా," అన్నాను.

తల మీదుగా తాడు తీసి ఇచ్చింది. నేను కత్తెర తీసి మూల కత్తిరించాను. ముక్క చెత్తబుట్టలో పడింది. ఆ పిల్ల బుట్ట వైపు చూసింది, నా వైపు చూసింది, మెట్లు దిగి వెళ్ళిపోయింది. పాపం, కార్డంటే మోజు కాబోలు అనుకున్నాను నేను.

ఆ ప్రైవేటు ఫారం తిరిగి రాలేదు. తండ్రితో కలిసి తెలంగాణకు మిరపకాయ కోతలకు పోయిందని లచ్చిమి చెప్పింది.

మరుసటి ఏడాది మళ్ళీ డీసీఎఫ్ నింపే రోజులొచ్చాయి. నింపేటప్పుడు పాత ఫారం పక్కన పెట్టుకోవడం నా అలవాటు. పోయిన ఏటికీ ఈ ఏటికీ మరీ తేడా ఉంటే పైనుంచి ఫోన్ వస్తుంది, ముందే జవాబు సిద్ధం చేసుకోవాలి. బయాలజీ పిల్లలు రెండో సంవత్సరంలోకి వచ్చారు. పోయిన ఏడు మొదటి సంవత్సరంలో ఎస్టీ స్త్రీలు పదకొండు, ఈ ఏడు రెండో సంవత్సరంలో పదకొండు. పదకొండుకు పదకొండు. ఒక్కరూ మానెయ్యలేదన్నమాట. మాస్టారు చూసి, "వాహ్, మేడం!" అన్నారు. నేను బాత్‌రూమ్‌లోకి వెళ్ళి ఏడ్చాను.

అప్పుడు నాకు అర్థమైంది. ఆ గడి పిల్లల్ని లెక్కపెట్టదు, కుర్చీల్ని లెక్కపెడుతుంది. కుర్చీలోంచి ఒకరు లేచి ఇంకొకరు కూర్చుంటే దానికి తెలియదు. ఇంకొన్నాళ్ళకు పేపర్లో గిరిజన ఆడపిల్లల చదువు గురించి పెద్ద అంకె ఒకటి వచ్చింది. అందులో నా పదకొండూ ఉన్నాయి. నాగమణి ఉన్నట్టు లేదు సరే, పోయినట్టు కూడా ఎక్కడా లేదు.

నేను చెయ్యగలిగిందల్లా నోటీసు పద్ధతి మార్చడం. కుంటలో మా అన్నల కొట్టుకు ఉప్పుకూ ఎండుచేపలకూ లోపలి ఊళ్ళన్నిటి నుంచీ జనం వస్తారు. సంత రోజైతే కాలు పెట్టే చోటుండదు. రానివాళ్ళ జాబితా ఇప్పుడు ఫోన్లో అన్నకు పంపిస్తాను. ఆయన సరుకు కడుతూ, "మీ పక్క గూడెంల ఫలానా పిల్ల కాలేజీకి వస్తలేదంట, మేడం పేరు కొట్టేస్తదంట, చెప్పున్రి" అని కబురు పెడతాడు. అడ్డమైన వాగులన్నీ దాటి ఆ కబురు పోతుంది. ఒక్కోసారి వారం, ఒక్కోసారి రెండు వారాలు, కానీ పోతుంది. పిల్లలు వస్తున్నారు, రాలేనివాళ్ళు ఎందుకు రాలేరో చెప్పి పంపుతున్నారు. పుట్టి పెరిగిన ఇంట్లో ఉన్న దారి అది. నాకు అంతకుముందు తట్టలేదు.

2025 జులైలో నాగమణి మళ్ళీ వచ్చింది. వెంట చెల్లెలు రాధ. అక్క లాగే సన్నగా, పెద్ద కళ్ళతో ఉంది. బీఎస్సీ బయాలజీ కావాలంది. అన్ని కాగితాలూ వరసగా పెట్టుకొచ్చారు. ఫోటోలో పిల్ల ఒక్కతే ఉంది, భుజం మీద చెయ్యి లేదు.

"మంచిగున్నవా నాగమణీ?"

"మంచిగనే ఉన్న మేడం. కోతలకు పోతున్న, వస్తున్న." రిజిస్టరులో చెల్లెలి పేరు రాస్తుంటే ముందుకు వంగి ప్రతి అక్షరమూ చూసింది. "ఇది రాకుంటే బోర్డు మీద పెట్టకున్రి. సంతల చెప్పియ్యున్రి. ఏడున్నా నేనొస్త."

"ఇప్పుడు అట్లనే చేస్తున్నమమ్మా."

తలూపింది. కిటికీ చువ్వ పట్టుకుంది.

"మేడం, నా పాత కార్డు ఉన్నదా?"

"దేనికే?"

"దాంట్ల అమ్మ చెయ్యి ఉన్నది గద. అమ్మది ఇంకో ఫోటో లేదు. మా వాళ్ళల్ల పోయినోళ్ళ సామాను వాళ్ళతోనే మట్టిల పెడ్తరు. అమ్మ ఫోటో ఉన్న కార్డులు గూడ పెట్టిన్రు. చెల్లె అమ్మ మొహం మరిచిపోతున్ననంటది. చెయ్యి అన్నా చూపిత్త."

నా ప్రాణం లేచొచ్చింది. ఈ పిల్లకు నేను ఇవ్వగలిగింది ఒకటుందని సంతోషంతో బీరువా దగ్గరికి దాదాపు పరుగెత్తాను. నా చక్కదనం పిచ్చి అప్పుడు పనికొచ్చింది. ఏ ఏడు, ఏ ఫైలు, ఎన్నో కాగితం, రెండు నిమిషాల్లో దొరికింది. కార్డు బయటికి లాగి కిటికీలోంచి అందించాను. అందిస్తుండగానే నా కళ్ళకు కనబడింది.

నాగమణి మొహం ఉంది. మెడ ఉంది. భుజం లేదు. భుజం ఉన్న మూల నేను కత్తిరించిన మూల.

ఆ పిల్ల కత్తిరించిన అంచు మీద వేలు పెట్టి మెల్లగా రాసింది. రాధ అక్క భుజం మీదుగా తొంగిచూసింది.

"ఏదక్కా?"

"ఈడ ఉండె," అంది నాగమణి, వేలు కార్డు బయట ఖాళీలో పెట్టి.

"తప్పు నాది నాగమణీ," అన్నాను. మూడేళ్ళ కిందట అనాల్సిన మాట. నోరు పెగల్చుకుని అనేసరికి నాకు ఏడుపొచ్చింది.

"రూలు గద మేడం," అంది. ఎత్తిపొడవలేదు, నన్ను ఓదార్చడానికే అంది. కార్డు సంచీలో పెట్టుకుని, చెల్లెల్ని హాస్టల్ వైపు తీసుకెళ్ళింది.

నా బల్ల సొరుగులో ఇప్పుడు కత్తెర లేదు. కార్డులు వచ్చినవి వచ్చినట్టే ఫైల్లో పెడతాను, ఎవరైనా తప్పంటే జవాబు నేను చెప్పుకుంటాను. లెక్క తప్పు లేకపోతే చాలు, నా పని అయిపోయినట్టే అనుకునేదాన్ని. నాగమణి విషయంలో నా లెక్క ఒక్క అంకె కూడా తప్పలేదు. ఈ ఉద్యోగంలో నేను నేర్చుకున్నది ఇదే, ఇది నేర్చుకోవడానికి ఒక పిల్ల చదువు పోయింది.

ఆ ఏడు కూడా ఆ గడిలో పదకొండే వచ్చాయి. ఇప్పుడు నేను అంకె వేసేముందు రిజిస్టరు తెరిచి పేర్లు పైకి చదువుతాను. మాస్టారు నాకు చాదస్తం ముదిరిందంటారు. పదకొండో పేరు సోయం రాధ. ఆ తర్వాత ఇంకో పేరు చదువుతాను. దానికి గడి లేదు.